గుండ్ల దండకు కాపలా

మా బాపు బంగారం పని చేసినన్నాళ్ళూ ఆయన ఎదురుగా ఎవరో ఒకరు కూర్చునే ఉండేవారు. పని నేర్చుకోవడానికి కాదు, కబుర్లు చెప్పడానికీ కాదు. కాపలాకి. బోధన్ చుట్టుపక్కల ఊళ్ళల్లో నగ చేయించుకునే ఇల్లు కాస్త కలిగినదైతే అవుసలాయన, అంటే కంసాలి, ఆ ఇంటికే పోవాలి. కుంపటి, ఊదుగొట్టం, దాగలి, సుత్తెలు అన్నీ సైకిల్‌కి కట్టుకొని పోయి, వాళ్ళ అరుగు మీద గోనెసంచి పరుచుకొని కూర్చోవాలి. ఎదురుగా కుర్చీ వేసుకొని ఆ ఇంటి పెద్దవాళ్ళు ఎవరో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా చూస్తారు. సాయంత్రం బంగారం తూచి లోపల పెట్టుకుంటారు. మర్నాడు మళ్ళీ తూచి చేతికిస్తారు.

మా కులం మీద ఒక సామెత ఉంది. తెలుగు వచ్చినవాళ్ళందరికీ తెలిసిందే. బడిలో మా పంతులు నన్ను నిలబెట్టి మరీ ఆ సామెత చెప్పించాడు. క్లాసంతా నవ్వింది. నేను దాన్ని ఇక్కడ రాయను. ఇన్నేళ్ళు చెప్పుకున్నారు, ఇక చాలు.

ఇప్పుడు నిజామాబాద్‌లో ఏ పెద్ద షోరూమ్‌కైనా పోండి. నెత్తిమీద కెమెరాలుంటాయి. అవి చూసేది కొనేవాళ్ళను. నగ చేసినవాడు ఏ ఊళ్ళో ఉన్నాడో, అసలు మనిషి చేశాడో మిషను గుద్దిందో అమ్మేవాడికే తెలియదు. వాడి ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చున్నవాళ్ళు లేరు. అయినా జనం చెప్పిన రేటుకు నోరు మూసుకొని కొనుక్కొస్తారు. ఈ మాట అంటే నీకు కడుపుమంట అంటారు. అవును, కడుపుమంటే. ఎనిమిదేళ్ళ పిల్లప్పటి నుంచి మండుతోంది, ఇప్పుడు దాచుకోవడం దేనికి?

అద్దాల వెనక దీపాలు పెట్టి పాతకాలం నగలని ఇవాళ చూపిస్తున్నవన్నీ మా ఇళ్ళల్లో మామూలు రోజుల్లో మామూలుగా చేసినవే. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ ముందు బారులు తీరే నెలల్లో బాపుకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. చెరుకు పైసలు చేతికొచ్చిన ఇంట్లో ముందు గుర్తొచ్చేది అవుసలాయనే. రెంజల్ దిక్కు నుంచి మరాఠీ మాట్లాడే ఆడవాళ్ళు వచ్చి నల్లపూసల మధ్యలోకి రెండు బుల్లి బంగారు గిన్నెలు చేయించుకునేవారు. బోధన్ గల్లీల్లో ముస్లిం ఇళ్ళవాళ్ళకు ఝుంకాలు కావాలి. అవి నడుస్తుంటే ఊగాలి గానీ చెవిని లాగకూడదు. నవీపేట్ రైతుల ఇళ్ళకు కంటెలు, కడియాలు. ఏ ఇంటి కోడలి మణికట్టు ఎంత సన్నమో బాపు వేళ్ళకు గుర్తుండేది. ఏ నగ మీదా ఆయన తన గుర్తు వేసుకోలేదు. వేసుకునే ఆచారం మాకు లేదు. అయితే అతుకు దగ్గర చూస్తే ఇది మా బాపు చెయ్యి అని నేను చెప్పగలను.

మా అవ్వ, అంటే మా అమ్మ, లక్క పని చేసేది. బంగారు గుండు లోపల డొల్లగా ఉంటుంది. పల్చటి రేకుతో రెండు చిప్పలు చేసి, రాగి, వెండి కలిసిన టంకం పెట్టి ఊదుగొట్టంతో మంట ఊది వాటిని అతుకుతారు. ఆ తర్వాత బెజ్జంలోంచి కరిగిన లక్క పోసి నింపాలి. నింపకపోతే గుండు ఒక్క నొక్కుకే సొట్టపోతుంది. ఆ లక్క పోయడం మా ఇళ్ళల్లో ఆడవాళ్ళ వంతు. మగవాళ్ళు చేస్తే పని, ఆడవాళ్ళు చేస్తే సాయం. ఈ తేడా ఎవరు పెట్టారో తెలిస్తే వాళ్ళకూ నాలుగు మాటలు చెప్పేదాన్ని. నగల పని లేని నెలల్లో అవ్వ చాటలో ఆకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టేది. నేనూ పక్కన కూర్చొని చుట్టేదాన్ని. లక్క వాసన, తంబాకు వాసన కలిస్తే ఎలా ఉంటుందో మా ఇంట్లో పుట్టినవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

తర్వాత చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది, రెడీమేడ్ నగలొచ్చాయి, బాపు కళ్ళు మసకబారాయి. వీటిలో ఏది ముందో ఏది వెనకో నేనిప్పుడు వరుసగా చెప్పలేను. అన్నీ కలిసే మీద పడ్డాయి. కుంపటి ముందు ఆడది కూర్చోకూడదని మావాళ్ళే అన్నారు. కూర్చున్నాను. నిజామాబాద్‌లో బంగారం బజారు వెనక గల్లీలో నాకిప్పుడు చిన్న దుకాణం ఉంది. తెగిన దండలు గుచ్చుతాను, సొట్టలు తీస్తాను, లక్క రాలిన గుండ్లకు మళ్ళీ లక్క పోస్తాను. నా దుకాణంలో నవ్వు తెప్పించే సంగతి ఒకటుంది. ముందు బజారులో కొత్త బంగారానికి నల్లరంగు పట్టించి యాంటిక్ అని ఎక్కువ చెప్పి అమ్ముతారు. వెనక గల్లీలో నా దగ్గరికి నిజంగా పాతదాన్ని తెచ్చి, అక్కా, దీన్ని కొత్తదాని లెక్క మెరిపించు అంటారు. కుంకుడు రసంలో వేసి కుంచెతో రుద్ది ఇస్తాను.

అవ్వ పోయాక బాపు నా దగ్గరే ఉంటున్నాడు. పొద్దున దుకాణం తీయగానే వచ్చి లోపలి బల్ల మీద కూర్చుంటాడు. కళ్ళు సరిగా ఆనకపోయినా గుండును వేళ్ళ మధ్య దొర్లించి లక్క నిండిందో లేదో చెబుతాడు. ఎనభై దాటిన మనిషికి ఆ కాస్త పని చాలు. దాంతోనే ఆయన రోజు గడిచేది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఇద్దరు మొగుడూ పెళ్ళాలు కారు దిగి మా దుకాణానికి వచ్చారు. బోధన్ అవతల క్యాంపువాళ్ళు. కాలువ నీళ్ళున్న భూములు కొనుక్కొని కోస్తా నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళను మా దగ్గర క్యాంపులంటారు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. నా చిన్నప్పుడు బాపు నెల రోజులు పనిచేసిన ఇంటి కొడుకు ఆయన. ఆ నెలంతా బాపు ఎదురుగా కూర్చున్నది వాళ్ళమ్మ. అందరూ ఆమెను మామ్మగారు అనేవాళ్ళు. ఒళ్ళో పత్తి పెట్టుకొని వత్తులు చేసేది. చేతులు వత్తుల మీద, కళ్ళు బాపు మీద. లేచి పెరట్లోకి పోవాల్సి వస్తే ఇంకొకరిని పిలిచి కూర్చోబెట్టి మరీ పోయేది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

"ఆచారి గారూ, బాగున్నారా?" అన్నాడాయన బాపును చూసి. బాపు ఆ గొంతు గుర్తుపట్టి లేచి నిలబడబోయాడు.

ఆయన భార్య కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టింది. "మా అత్తగారి గుండ్ల దండ ఇచ్చేసి యాంటిక్ సెట్ తీసుకుందామని షోరూముకి వెళ్ళామండీ. వాళ్ళు మిషన్లో పెట్టి చూశారు. దాంట్లో రెండు రకాల బంగారం ఉందంట. మా అత్తగారు ఇచ్చింది ఒకటే ముద్ద కదండీ. ఒక ముద్దలోంచి రెండు రకాలు ఎలా వస్తాయి?"

"ఎన్ని గుండ్లు తేడా ఉన్నయన్నరు?" అన్నాను.

"వెనకాల ఒకటి. వాళ్ళు అన్నీ చూడలేదు. పాత కంసాళ్ళు ఇలాగే మార్చేవాళ్ళని చెప్పారు."

ఆమె భర్త నవ్వాడు. కోపంగా కాదు, సరదాగానే నవ్వాడు. "మా అమ్మ పొద్దస్తమానం ఎదురుగానే కూర్చుంది కదమ్మా. ఆమె కళ్ళు కప్పి ఎలా మార్చారా అని నాకు ఆశ్చర్యం! ఇప్పుడేం గొడవ లేదులే. వచ్చేవారం ఎలాగూ కరిగించేస్తాం. ఇటు వచ్చాం కదా, చెప్పి వెళ్దామని."

తిట్టినా నాకు అంత మంట పుట్టేది కాదు. ఆ నవ్వుకు పుట్టింది. దొంగతనం చేశావని చెప్పి, పోనీలే అని క్షమించి, కారెక్కి పోదామని వచ్చారు. దండ కరిగిందంటే మేం నిజం చెప్పడానికి ఏమీ మిగలదు. ఆ నవ్వు మాత్రం మిగులుతుంది.

"అన్నా, గా దండ కరగబెట్టకుండ్రి" అన్నాను. "ఐతారం నాడు మీ ఇంటికొస్త. మీ కండ్ల ముంగట గీటురాయి మీద గీసి చూపిస్త. మా బాపు మార్చిండని తేలితే నా దుకాణం మూసేస్త."

"అంత మాటలెందుకమ్మా" అన్నాడు. కానీ ఆదివారం దాకా ఆగుతానని ఒప్పుకున్నాడు. ఆయన భార్య కారు దగ్గరికి నడిచింది.

వాళ్ళు పోయాక వెనక్కి తిరిగి చూశాను. బాపు బల్ల మీద తల వంచుకొని కూర్చున్నాడు. ఏమన్నా అంటాడేమోనని ఎదురు చూశాను. అనలేదు. మర్నాడు దుకాణానికి రానన్నాడు. ఆ మర్నాడూ రాలేదు. ఇంట్లో మంచం మీద గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. పక్క దుకాణం వాళ్ళకు సంగతి అప్పటికే తెలిసిపోయింది. "ముసలాయన ఇయ్యాల రాలే?" అని అడిగే గొంతులోనే తెలిసేది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మూడో రోజుకు నాక్కూడా అనుమానం వచ్చింది. చెయ్యని మనిషి చెయ్యలేదని అనాలి కదా? ఈయన ఎందుకు అనడు? దుకాణం మూసేస్తానని అంత గట్టిగా అన్నదాన్ని, ఆ రోజు కుంపటి ముందు కూర్చొని నా చేతులు ఆడలేదు. ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని చూసే చూపుతోనే నేను మా బాపును చూశాను. అది తలుచుకుంటే నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

శనివారం పొద్దున చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"బాపు, ఉన్నదున్నట్టు చెప్పు. గా గుండు మార్చినవా?"

"మార్చిన" అన్నాడు.

ఆయన చాయ్ సాసరులో పోసుకున్నాడు. తాగలేదు.

"అతుకు పెట్టేటప్పుడు మంట ఎక్కువైంది బిడ్డా. గా ముసలమ్మ వత్తుల బుట్ట కిందపడ్డది, తల ఎత్తి చూసిన. గంతే. ఒక గుండు సల్లగ కూలిపోయి ముద్దయింది. టంకమంత దాంట్ల కలిసిపోయింది. బంగారం చెడ్డది."

"చెడితే చెడిందని చెప్పవైతివి? శుద్ధి చేసి మల్ల చేస్తనని చెప్పవైతివి?"

"శుద్ధి చెయ్యాలంటే ఇంటికి తీస్కపోవాలె. తీస్కపోనిస్తరా? చెడ్డదంటే నమ్ముతరా? అవుసలోడు అన్న మాటను ఎవలు నమ్ముతరు? చెడ్డ గుండును దండల పెడ్దునా అంటే, ఆళ్ళు ఇచ్చిన బంగారం కంటే తక్కువది నా చేతితోని ఎట్ల పెడుత?"

"మరి ఏం చేసినవ్?"

"ఇంకా కొట్టాలె అని చెప్పి ముద్దను అట్లనే తూకంల పెట్టిన. మీ అవ్వ పుస్తెల తాడుకు గుండ్లుండె. ఆళ్ళ అవ్వగారింట్ల పెట్టినయి, మంచి బంగారం. ఇంటికొచ్చి అడిగిన. ఏం అనలే, తీసి ఇచ్చింది. అదే తూకానికి గుండు చేసి, పొద్దుగాల బుగ్గల పెట్టుకొని పోయిన."

"బుగ్గలనా?"

"మరి చేతుల పట్టుకపోతే సూడరా?" అన్నాడు. "ఒక్క ఘడియ సందు దొరికితే మార్చిన. ఇగ చెడ్డ ముద్ద బుగ్గల పెట్టుకున్న. దినమంత ఆ ముసలమ్మ ఏం అడిగినా తల ఊపుడే. వక్క నములుతున్నవా ఆచారీ అన్నది. ఊపిన."

నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. దేశంలో కాపలా అంతా బంగారం బయటికి పోకుండా పెడతారు. మా బాపు మంచి బంగారాన్ని దొంగలా లోపలికి చేరవేశాడు. అది కూడా పెళ్ళాం మెడలోంచి తీసి. తన పొరపాటు చెప్పుకుంటే నమ్మే మనిషి ఆ ఇంట్లో ఉండడని ఆయనకు అంత నమ్మకం.

"అవ్వకు తెలుసా, గా దండలో ఏ గుండు తనదో?"

"ఎరుకే. లక్క పోసిందే ఆమె. నువ్వు గూడ ఉంటివి గద పక్కకు."

ఉన్నాను. ఆ రోజు నాకు గుర్తుంది. బంగారం ఇల్లు దాటకూడదు కాబట్టి అవ్వే లక్క పట్టుకొని ఆ అరుగు మీదికి వచ్చింది. నేను వెంట పోయాను. వాళ్ళు నా ఒళ్ళో మరమరాలు పోశారు. అవి ఏరుకొని తినడం గుర్తుంది, కాలువ మీది గాలి గుర్తుంది. మా అవ్వ తన గుండులో తానే లక్క పోసి, మామ్మగారి కళ్ళ ముందు దాన్ని మిగతా వాటిలో కలిపేసిన ఘడియ మాత్రం నాకు అస్సలు గుర్తులేదు. నా ముందే జరిగింది, నేను మరమరాలు తింటున్నాను.

బాపు లేచి తన రేకు డబ్బా తెచ్చాడు. అడుగున గుడ్డ మూటలో ఒక గుండు ఉంది. వెలిసిపోయిన పసుపు రంగు, ఒకపక్క చిన్న చీలిక. చెడిన ముద్దను బాపు మళ్ళీ గుండు చేసి అవ్వ తాడుకే గుచ్చాడు. చనిపోయేదాకా ఆమె దాన్నే వేసుకుంది. ఆ చీలిక చీర అంచును పట్టుకుంటుందని అప్పుడప్పుడు విసుక్కునేదట. ఇంకేమీ అనలేదట.

"రేపు నువ్వు నాతోని వస్తున్నవ్" అన్నాను.

"ఇప్పుడెందుకు బిడ్డా? ఆ ముసలమ్మనే పోయింది. కరగబెట్టుకోనీ."

"కరగబెట్టుకునేది నా అవ్వ గుండును. నేనూరుకోను" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, పక్కింటి వాళ్ళు తొంగి చూశారు.

ఐతారం పొద్దున బోధన్ బస్సెక్కాం. ఎడపల్లి దాటాక బాపు కిటికీలోంచి చూడటం మానేసి, పాత అలవాటుతో గోనెసంచి, చిన్న కుంపటి, లక్క, దారం కూడా సర్దుకున్న పని సంచిని ఒళ్ళో బిగించి పట్టుకున్నాడు. బోధన్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. పెంకుటిల్లు పోయి డాబా వచ్చింది గానీ అరుగు అక్కడే ఉంది, దానికి స్టీలు కమ్మీలు పెట్టించారు. మొగుడూ పెళ్ళాలు మా ముందు దండ పెట్టె పెట్టి కుర్చీల్లో కూర్చున్నారు. ఆయన మంచినీళ్ళు ఇప్పించాడు. ఆమె షోరూములో ఇచ్చిన చీటీ చేతిలో పట్టుకుంది.

దండలో యాభై ఐదు గుండ్లు. దండ చేతికి తీసుకున్నాను. గీటురాయి తీసి ముందువరసలో ఉన్న ఒక గుండుతో గీశాను. దాని పక్కన ఇంకొకదానితో. ఆ పక్కన మెడ వెనక వచ్చే గుండుతో. మూడు గీతలు. చిన్న సీసాలోంచి యాసిడ్ చుక్క వాటి మీద వేసి రాయిని వాళ్ళ చేతికిచ్చాను.

"చూడండ్రి. ఏది మాసింది, ఏది నిలిచింది?"

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఈ రెండూ కాస్త మాసాయి. చివరిది అలాగే ఉంది."

"చివరిదే మీరు మా బాపు మార్చిండన్నది. మార్చిండు. నిజమే. మీ బంగారం తీసి దానికంటే మంచిది పెట్టిండు. ఏది ఎంత మేలిమో మీ చీటీల కూడా రాసుంటది. ఏది ఎక్కువ నంబరో చదువు అక్కా."

ఆమె చీటీ చూసింది. రెండు నంబర్లు ఉన్నాయని తెలుసు గానీ ఏది ఏ గుండుదో వాళ్ళు అప్పటిదాకా చూసుకోలేదు. చూడాల్సిన అవసరం వాళ్ళకు కలగలేదు. తేడా ఉంది అనగానే ఎటు తేడా అని అడగకుండానే అవుసలోడు గుర్తొచ్చాడు. ఆమె చీటీని మొగుడి చేతిలో పెట్టింది.

జరిగిందంతా చెప్పాను. కూలిపోయిన గుండు, అవ్వ తాడు, బుగ్గలో పెట్టుకొని పోవడం. బాపు అడ్డం రాలేదు, తల కూడా ఎత్తలేదు. గుడ్డ మూట విప్పి చీలిన గుండు వాళ్ళ ముందు పెట్టాను.

"గిది మీ బంగారం. మా అవ్వ బతికున్నన్ని దినాలు మెడల ఏసుకున్నది. తీస్కోండ్రి" అన్నాను. విసిరికొట్టాలనే ఉంది నాకు. బాపు చెయ్యి చాచి దాన్ని మళ్ళీ తీసుకున్నాడు.

"ఇది ఇయ్యను బిడ్డా. మీ అవ్వది" అన్నాడు. ఆ ఇంట్లో ఆ రోజు ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

"తప్పైపోయింది ఆచారి గారూ" అన్నాడు ఇంటాయన. ఈసారి నవ్వలేదు. "దండ కరిగించం. మీ గుండు మీకు తీసిచ్చేయమన్నా ఇచ్చేస్తాం. ఇంకేం చెయ్యమంటే అది చేస్తాను. చెప్పమ్మా."

ఏం అడగాలో నేను బస్సులో అనుకొని రాలేదు. అక్కడే, వాళ్ళ కుర్చీలు మా ఎదురుగా ఉండటం చూసి అనిపించింది.

"దండకు దారం పాడైంది, రెండు గుండ్లల్ల లక్క కదిలింది" అన్నాను. "నేను ఇప్పుడే ఇక్కడే బాగు చేసి గుచ్చుత. యాభై ఐదు గుండ్లు విప్పి గీ అరుగు మీద పోస్త. మీరు తూకం ఎయ్యొద్దు. లెక్క పెట్టొద్దు. ఇద్దరు లోపలికి పోయి తలుపేసుకోండ్రి. పని అయినంక నేనే పిలుస్త."

ఆయన భార్య మొగుడి వైపు చూసింది. పెట్టె వైపు చూసింది. ఆ చూపును నేను పుట్టినప్పటి నుంచి ఎరుగుదును. మేమూ ఇక్కడే ఉంటామంటారేమో అనుకున్నాను, అలా అంటే లేచి పోదామని సంచి దగ్గరికి లాక్కున్నాను. అంతలో ఆమే ముందు లేచింది. తన కుర్చీ తానే ఎత్తుకొని లోపలికి తీసుకుపోయింది. ఆయన రెండోది తీసుకుపోయాడు. తలుపు పడింది, లోపల గడియ కూడా వినిపించింది.

దారం కత్తిరించాను. గుండ్లు గోనెసంచి మీద దొర్లాయి. కుంపటి రాజేసి కదిలిన లక్కను మళ్ళీ కరిగించి పోశాను. బాపు ఒక్కొక్క గుండును తడిమి, పాత బెజ్జం ఏ దిక్కుకు ఉందో చూసి నాకు అందించాడు. ఆయన వేళ్ళలోంచి ఒక్కటి కూడా జారలేదు. అవ్వ గుండు చేతికి రాగానే ఆగాడు. ఎప్పటిలాగా మెడ వెనక్కి వచ్చేటట్టు పక్కన పెట్టబోయాడు.

"వెనకకొద్దు బాపు. నడిమిట్ల పెట్టు" అన్నాను.

"రంగు తేడా కొడ్తది. కనబడ్తది బిడ్డా."

"కనబడాలె."

ఇరవై ఏడు గుండ్ల తర్వాత దాన్ని గుచ్చాను. సరిగా నడిమధ్యన. మిగతావాటి పక్కన అది కొంచెం ముదురు పసుపుగా, నిండుగా కనబడింది. ఈ దండ ఇక ఎవరు వేసుకున్నా చూసినవాళ్ళు అదేమిటని అడుగుతారు. అడిగిన ప్రతిసారీ వాళ్ళు చెప్పుకోవాలి. మా బాపు ఏ నగ మీదా వేసుకోని గుర్తు నేను ఆ ఒక్కదాని మీద వేశాను. నాకేం సిగ్గు లేదు.

ముడి వేసి, దండ పెట్టెలో పెట్టేసరికి ఎండ అరుగు దిగింది. అరుగు మీద మేమిద్దరమే. పిలుద్దామని లేవబోతుంటే నాకంటే ముందు బాపు గోడ పట్టుకొని లేచాడు. పని ముగిసిన ప్రతి సాయంత్రం, ఒంటి మీద బంగారం ఏమీ దాచుకోలేదని చూపడానికి, కాపలా వాళ్ళ ముందు అవుసలాయన చేయాల్సిన పని ఒకటుండేది. అది ఇప్పుడు ఎవరూ చేయరు, ఎవరికీ గుర్తు కూడా లేదు. బాపు తుండుగుడ్డ విప్పి దులిపాడు. పంచె ఒడి దులిపాడు. రెండు అరచేతులు చాచి, వేళ్ళు విడదీసి, మూసి ఉన్న తలుపుకు చూపిస్తూ నిలబడ్డాడు.

"బాపు, అక్కడ ఎవ్వలు లేరు" అన్నాను.

ఆయన వినలేదు. చేతులు అలాగే చాచి ఉన్నాయి. నేను పోయి ఆ రెండు చేతులూ పట్టుకొని కిందికి దించాను.